బోడి పీతల డెప్యుటేషన్

మా చినగుమ్ములపాలెం ఒడ్డున ఇసుకలో కన్నాలు తవ్వుకుని బతికే పీతల్లో కొన్ని మనవనీ, కొన్ని మనవి కావనీ ఆఫీసు వచ్చేదాకా మాకు తెలియదు. అంతవరకూ పీతంటే పీతే. కూరకి పనికొచ్చేది వేరు. ఇది ఇసుక పీత. దీని ఒంట్లో కండ లేదు, పరుగొక్కటే ఉంది. మనిషి అలికిడైతే చాలు, ఎవరు ఏమిటి అని విచారించకుండా కన్నంలోకి దూరిపోతుంది. ఆ తెలివికి నేను దాన్ని మొదటినుంచీ గౌరవించేదాన్ని. నేనూ అలాంటి మనిషినే. ఎవరైనా తలుపు కొడితే, కొట్టింది పాలవాడే అయినా, ముందు ఎవరికేమైందో అనుకుంటాను.

ఆ ఏడు పైవాళ్ళకి ఒక ఉత్సాహం పుట్టింది. ప్రతి తీరానికీ ఒక గౌరవ జీవి ఉండాలన్నారు. ఒక ఒడ్డు వాళ్ళు తాబేలుని తీసుకున్నారు. ఇంకొకరు కొంగని తీసుకున్నారు. మా వంతు వచ్చేసరికి పీత మిగిలింది. మిగిలిందని చెప్పలేరు గనక, తరతరాల మన తీర పౌరుషానికి ప్రతీక అని చెప్పారు. బస్సు ఆగే చోట ఆటో అంత పీతని సిమెంటుతో కట్టారు. మా ఇసుక పీతకి కంటి కాడ చివర, కంటిని దాటి పైకి, సన్నని మొన ఒకటి ఉంటుంది. అదే దాని కొమ్ము. బొమ్మ కట్టిన మేస్త్రీ అంతకుముందు గుళ్ళకి నందులు చేసేవాడు కాబట్టి కొమ్ములు మాత్రం బ్రహ్మాండంగా కుదిరాయి.

బొమ్మకి కొమ్ములున్నాక ఒడ్డున తిరిగేవాటికీ ఉండాలి కదా. వెళ్ళి చూస్తే కొన్నిటికి ఉన్నాయి, చాలావాటికి లేవు. పుస్తకాలు తిరగేస్తే ఈ కొమ్ముల పీతకి దగ్గరి చుట్టం ఒకటుందనీ, రంగూ నడకా అచ్చం ఇలాగే ఉంటాయనీ, కాకపోతే కళ్ళ మీద కొమ్ములుండవనీ తేలింది. కొమ్ముల్లేని ఆవుని బోడావు అన్నట్టు మేం దాన్ని బోడి పీత అన్నాం. ఆఫీసు వారు నిశ్శృంగ పీత అన్నారు. కొమ్ములున్నది శృంగనేత్ర పీత, అది స్థానికం. నిశ్శృంగం పరాయిది. సదరు పరాయి జీవి స్థానిక జీవి కన్నాలను ఆక్రమించుచున్నందున, దాన్ని ఏరి గెడ్డ దాటించాలని ఉత్తర్వు వచ్చింది. గెడ్డంటే మా ఊరికి దక్షిణాన సముద్రంలో కలిసే చిన్న ఏరు. అవతలి ఇసుక కొండరాజుపాలెం వాళ్ళది. వేరే డివిజను. కాబట్టి అక్కడికి ఏది పంపినా అడిగేవాళ్ళు లేరు.

తుపాను షెల్టరు మేడ మీద ఆఫీసు పెట్టారు. మా అమ్మాయి రత్నానికి అందులో ఉద్యోగం వచ్చింది. దాని పూర్తి పేరు నూకరత్నం. పై ఊళ్ళో ఉండి జంతుశాస్త్రంలో డిగ్రీ చేసింది. ఉద్యోగం పేరు జీవ విభజన సహాయకురాలు. పని, పొద్దున్నే పీతల్ని పట్టి, కొమ్ములున్నవాటిని వదిలి, లేనివాటిని బుట్టలో వెయ్యడం. వాళ్ళ నాన్న సూరప్పడు వేటకి వెళ్ళని రోజుల్లో ఆ బుట్టల్ని తెప్ప మీద గెడ్డ దాటించడం.

మా అన్నయ్యని సముద్రం తీసుకుపోయింది. మా మావయ్యనీ తీసుకుపోయింది. పొద్దున తెప్ప తీసిన మా ఆయన మధ్యాహ్నం ఇంటికొచ్చి చెయ్యి కడుక్కునేదాకా నాకు ముద్ద దిగదు. అందుకని నా కూతురికి కాళ్ళ కింద పొడి నేల ఉండే ఉద్యోగం కావాలని మొక్కని దేవత లేదు. వచ్చింది. కాంట్రాక్టు ఉద్యోగమే. ఏడాదికోసారి పొడిగిస్తారు, పొడిగించకపోనూ వచ్చు. నా భయాలన్నీ అప్పటినుంచి ఆ ఒక్క పొడిగింపు చుట్టూ తిరగడం మొదలుపెట్టాయి.

మొదటి రోజే కేరియరు పట్టుకుని ఆఫీసుకి వెళ్ళాను. ప్రత్యేకాధికారి విరూపాక్షరావు గారు నన్ను కూర్చోమన్నారు. అంత పెద్ద మనిషి కూర్చోమంటే ఏదో చెడువార్త చెబుతారనుకుని కూర్చోలేదు.

"మీ పేరు?"

"పరదేశమ్మ, బావూ."

ఆయన పెన్ను ఆగింది. తలెత్తి నన్ను పైనుంచి కిందికి చూశారు.

"స్థానికులేనా?"

"ఈ ఊర్లోనే పుట్నాను బావూ. మా ముత్తవ్వ పేరది."

"పేరు విషయం తదుపరి పరిశీలిద్దాం. వచ్చిన కారణం?"

"మా గుంట రత్నం ఏలు పీత కొరికేస్తే ఏటి సెయ్యాల బావూ? ఎండదెబ్బ తగిలితే? ఒంగుని పీతని పడతన్నప్పుడు ఎనకనించి కెరటం వొస్తే? కన్నంలో పీత కాకండా పామున్నాదనుకోండి."

మా ఇంట్లో ఇలాంటివి అడిగితే నవ్వుతారు. విరూపాక్షరావు గారు నవ్వలేదు. ఒక్కొక్కటీ రాసుకున్నారు. "ముందుజాగ్రత్త అనేది పరిపాలనకు వెన్నెముక, అమ్మా. మీవంటి పౌరుల ఆందోళనే మాకు మార్గదర్శకం" అన్నారు.

మర్నాటికి నా నాలుగు భయాలూ సర్క్యులరుగా వచ్చాయి. సిబ్బంది మోచేతి వరకు తొడుగులు, నెత్తిన శిరస్త్రాణం, ఒంటికి తేలే చొక్కా ధరించి, వెనక కెరటాన్ని కనిపెట్టడానికి ఒక మనిషిని నిలబెట్టుకుని, కన్నంలో చెయ్యి పెట్టేముందు అందులో పాము లేదని ధ్రువీకరించుకోవాలి. ఎలా ధ్రువీకరించుకోవాలో రాయలేదు. అయినా నా భయానికి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నంబరు పడింది. ఇన్నాళ్ళూ లోకంలో ఇంత భయం నాకొక్కదానికే అనుకున్నాను. నాకంటే ఎక్కువ భయపడే చోటు ఒకటుందనీ, దానికి ఆఫీసని పేరనీ అప్పుడే తెలిసింది.

"మీ అమ్మకి సరిజోడు దొరికినాడే" అన్నాడు మా ఆయన రత్నంతో.

రోజూ కేరియరు ఇవ్వడానికి వెళ్ళేదాన్ని. ఇచ్చాక ఒక భయం చెప్పి వచ్చేదాన్ని. అలా ఒకరోజు వాళ్ళు పెద్ద పీతల్ని మాత్రమే కొలిచి, నీటి అంచున తడి ఇసుకలో తిరిగే చిన్న చిన్నవాటిని వదిలేయడం చూశాను. పీతల్లో పెద్దవి పైన పొడి ఇసుకలో ఉంటాయి. చిన్నవి నీళ్ళకి దగ్గరగా ఉంటాయి. ఆ చిన్నవాటికి ఒక్కదానికీ కొమ్ములేదు.

"ఈటిని ఒగ్గేస్తన్నారేటి బావూ? రేపు పెద్దవైపోతే?" అన్నాను.

విరూపాక్షరావు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "నీటి అంచుననే ఉన్నాయి. అంటే సముద్రంలోంచి చొరబడుతున్నాయి" అన్నారు మెల్లగా. మర్నాడు సర్క్యులరు. పరిమాణంతో నిమిత్తం లేకుండా కొమ్ము లేని ప్రతి పీతనూ తరలించవలెను.

ఆ సాయంత్రం రత్నం ఇంటికొచ్చి శిరస్త్రాణం తీసి గూట్లో పెట్టి నా ఎదుట కూర్చుంది.

"అమ్మా, ఆఫీసరు గారితో ఏం చెప్పావే?"

"ఏటి సెప్నాను? చిన్నవి పెద్దవైపోతాయని సెప్నాను."

"అవుతాయి. పెద్దవయ్యాక వాటికి కొమ్ములొస్తాయి. అవి బోడివి కావు, పిల్లలు."

కేరియరు గిన్నె మూత కొంచెం తీసింది. లోపల బొటనవేలి గోరంత పీత. రత్నం దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, పెద్ద డెక్క లోపలివైపు చూపించింది. అరచేతిలాంటి చోట నిలువుగా సన్నని గీతల వరస, దువ్వెన పళ్ళలా. అసలు తేడా ఇదట. కొమ్ముల జాతికి పుట్టుకతోనే కాకపోయినా చిన్నప్పటినుంచే ఈ గరుకు ఉంటుంది. దీన్ని కాలికేసి రాసి చప్పుడు చేస్తుంది. చుట్టానికి అరచెయ్యి నున్నగా ఉంటుంది, అది ఆ చప్పుడు చెయ్యలేదు. కొమ్ము చూసి పెద్దవాటిని చెప్పొచ్చు గాని, పిల్లల్ని చెప్పాలంటే చెయ్యి చూడాలి.

"చెవి దగ్గర పెట్టుకో" అంది.

చెవి కొరుకుతుందేమోనని కొంగు అడ్డం పెట్టుకుని విన్నాను. గెర్రు, గెర్రు, గెర్రు. మా అత్తగారు పళ్ళు నూరినట్టుంది.

మా ఆయన చుట్ట ఆర్పి నవ్వాడు. "ముందొచ్చిన సెవులకన్నా ఎనకొచ్చిన కొమ్ములు వాడి అన్నారు గదే. కొమ్ములు ఎనకే వొస్తాయని సామెత కట్నోడికి తెల్సు. మీ ఆపీసుకి తెల్దు."

"రేపు చెప్పేస్తాను" అంది రత్నం.

"సెప్పకే తల్లీ" అన్నాను. "నీ పొడిగింపు దగ్గరికొచ్చినాది. పీతలకేటి, ఇక్కడ ఇసకే, అక్కడా ఇసకే."

చెప్పింది. నేను కేరియరుతో అక్కడే ఉన్నాను. విరూపాక్షరావు గారు ఓపిగ్గా విన్నారు.

"అమ్మాయీ, మీరు చెప్పినదాని ప్రకారం వీటికి కొమ్ములు భవిష్యత్తులో వస్తాయి. ఆ మేరకు హామీ ఎవరిస్తారు?"

"హామీ ఎందుకు సార్, పిల్లలు కదా."

"బాల్యం అనే అంశం ఉత్తర్వులో ఎక్కడా ఉదహరించబడలేదు. ఉత్తర్వు ముందు పీతలన్నీ సమానమే."

"కనీసం చెయ్యి చూడండి సార్. అరచేతి లోపల..."

ఆయన ముఖం గంభీరమైపోయింది. "ఎవరి అరచేతిలో ఏముందో చూడటం అవినీతి నిరోధక శాఖ పరిధి. ఇతర శాఖల పరిధిలోకి మనం చొరబడరాదు."

అయితే ఆయన అన్యాయస్థుడు కాడు. తరలించే ముందు పీతల అభ్యంతరాలు వినాలన్నారు. ఒడ్డున షామియానా వేయించారు. గుంజలు పాతడానికి గునపాలు దించేసరికి ఒడ్డు మీదున్న పీతలన్నీ కన్నాల్లోకి పోయాయి. ప్రతి కన్నం ముందూ ఒక పుల్ల పాతి నోటీసు తగిలించారు. సాయంత్రం దాకా కుర్చీల్లో కూర్చున్నారు. ప్రతివాదులు నోటీసు అందుకోవడానికి నిరాకరించి గైర్హాజరైనందున అభ్యంతరం లేనట్లుగా భావించడమైనది.

తరవాత శృంగమాపకం అని చిన్న ఇత్తడి కొలబద్ద వచ్చింది. కొమ్ముంటే చాలదు, ఇంత ఉండాలని. కొట్లాటలో కొమ్ము విరగ్గొట్టుకున్న పెద్ద పీతల కోసం పశువుల డాక్టరుగారితో ఒక బోర్డు వేశారు. ఆయన ఒక పీతని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదివరకు ఉండేదనే అనిపిస్తోంది" అని రాశారు. అనిపించడం సాక్ష్యం కాదని ఆ పీతనీ బుట్టలో వేశారు.

ప్రతి బుట్టనీ విరూపాక్షరావు గారు దగ్గరుండి చూసి, మూతకి లక్కతో సీలు వేసేవారు. మా ఆయన తెప్ప మీద పెట్టుకుని గెడ్డ దాటించేవాడు. రత్నం అవతల మూత తీసి వంచేది. చిన్న పీతలు ఒక్క క్షణం అలాగే నిలబడి, అటూ ఇటూ చూసి, కొత్త ఇసుకలో తవ్వుకోవడం మొదలుపెట్టేవట. రత్నం ఇంటికొచ్చి అన్నం కలిపి తినకుండా కూర్చునేది. నేను దాని పక్కన కూర్చుని పొడిగింపు గురించి మాట్లాడేదాన్ని. ఆ ఏడు పొడిగించారు.

ఏడాది తిరిగింది. మా ఒడ్డున పెద్ద పీతల్లో కొన్ని ముసలివై పోయాయి. కొన్నిటిని గద్దలు తన్నుకుపోయాయి. వాటి చోట్లోకి రావలసిన పిల్లలు లేవు. సముద్రం కొత్తవాటిని ఒడ్డుకి తెచ్చి వదిలిన కొద్దీ మేం వాటిని గెడ్డ దాటిస్తూనే ఉన్నాం. సిమెంటు పీత ఒక్కటే మిగిలింది. దాని కొమ్ము మీద కాకి కూర్చునేది.

అప్పుడు కొమ్ముల పండగ పెట్టారు. పై ఊరినుంచి పెద్ద సంచాలకులు గారు వచ్చి, స్థానిక శృంగనేత్ర పీతల స్వేచ్ఛా విహారాన్ని తిలకిస్తారని బేనర్లు కట్టారు. ఆయన ముందురోజే వచ్చి చూస్తే, ఒడ్డు ఊడ్చినట్టుంది. ఆయన దూరదర్శిని ఎత్తి గెడ్డ అవతలికి చూశారు. అక్కడ ఇసుకంతా కదులుతోందట. ఎక్కడ చూసినా నిక్కబొడుచుకున్న కొమ్ములే. కొండరాజుపాలెం వాళ్ళు వాటిని చూడ్డానికి వచ్చినవాళ్ళకి సోడాలమ్ముతున్నారట.

"మన స్థానికులు అక్కడ ఏం చేస్తున్నారు?" అని అడిగారు పెద్దాయన.

ఆ ప్రశ్న ఆయన నోట్లోంచి జీపులోకి, జీపులోంచి మేడ మీదికి, మేడమీంచి మా ఇంటికి వచ్చేసరికి సంజాయిషీ కాగితం అయింది. స్థానిక జాతిని మూకుమ్మడిగా పొరుగు డివిజనుకి అక్రమంగా తరలించినందుకు నూకరత్నం మీద చర్య ఎందుకు తీసుకోరాదో మర్నాటి ఉదయం చెప్పుకోవలెను. బుట్ట మోసింది తండ్రి కాబట్టి కుటుంబసమేత కుట్రగా పరిగణించబడును. ఉద్యోగం పోవడం కాదు, కేసవుతుందన్నారు. అది చదివి మా ఆయన కూడా నవ్వలేదు.

"పోతే పోయింది. నాన్నతో వేటకెళ్తాను" అంది రత్నం.

జీవితంలో నేను అనుకున్న అన్ని చెడ్డల్లోకీ చెడ్డది అదే. అది గడప దాటి లోపలికొచ్చి కూర్చున్నాక ఇంక బయట భయపడ్డానికి ఏమీ మిగల్లేదు. ఆ ఒక్క పొద్దున నా గుండె మామూలుగా కొట్టుకుంది. కేరియరు కట్టుకుని ఆఫీసుకి వెళ్ళాను.

విరూపాక్షరావు గారికి నిద్ర లేనట్టుంది. రత్నం ఒక పక్కన నిలబడి ఉంది.

"అమ్మా, ఇది విచారణ. బయటివారు ఉండరాదు."

"ఎలిపోతాను బావూ. నాకో బయం ఉన్నాది, సెప్పేసి ఎలిపోతాను."

ఆయన చెయ్యి అలవాటు కొద్దీ పెన్ను తీసింది.

"మా గుంట పట్టికెళ్ళినప్పుడు ఆటికి కొమ్ముల్లేవు. లేవని మీరు కొలిసినారు, మీరు సీలేసినారు. ఇప్పుడు కొమ్ములున్నాయని పెద్దాయన కళ్ళారా సూసినారు. రేపు ఎవుడో ఒకడు, కొమ్ములు రాబోయే పిల్లల్ని బోడివని కొలిసిందెవరని అడుగుతాడు. మా గుంటకైతే కాంట్రాక్టే పోద్ది. మీకు పింఛనున్నాది గదా బావూ. అదే నా బయం."

పెన్ను కాగితం మీద ఆగిపోయింది. మంచినీళ్ళు కావాలన్నారు. నేనే ఇచ్చాను.

"ఇంకోటి కూడా ఉన్నాది. కొండరాజుపాలెమోళ్ళు కూడా బొమ్మ కడతన్నారంట. మన దానికంటే పెద్ద కొమ్ములంట."

"ఇప్పుడేం చెయ్యడం?" అన్నారాయన. ఆయన మామూలు మనిషిలా మాట్లాడగా వినడం అదే మొదటిసారి.

నాకేం తెలుసు. ఊరికే ఉండలేక, నోటికొచ్చింది చెప్పాను. "మా అన్న కొడుకుని పై ఊరు హాస్టల్లో ఏసినాం బావూ. ఎళ్ళినప్పుడు మీసాల్లేవు. సెలవలకొచ్చినప్పుడు ఉన్నాయి. వోర్డెను గారు ఆడి మీసాలు సూసుకుని, మా హాస్టలు తిండి అలాటిది అని ఒకటే మురిసిపోడం."

విరూపాక్షరావు గారు కళ్ళు మూసుకున్నారు. తెరిచేసరికి మళ్ళీ అధికారి అయిపోయారు.

"అమ్మాయీ, రాసుకోండి. సదరు పీతలు తరలించబడలేదు. శృంగ వికాస శిక్షణ నిమిత్తం పొరుగు తీరానికి డెప్యుటేషను మీద పంపబడినవి. శిక్షణ జయప్రదంగా ముగిసినందున స్వస్థానానికి రప్పించబడుచున్నవి."

మధ్యాహ్నం పండగలో పెద్ద సంచాలకులు గారు ఆ మాట మైకులో చెబితే అందరం చప్పట్లు కొట్టాం. కొమ్ముల్లేని జీవిని ఒక్క ఏడాదిలో కొమ్ములున్న జీవిగా తీర్చిదిద్దిన శిక్షణ ఇంకెక్కడా లేదన్నారు. ఇక మీదట ప్రతి ఏడూ బోడిగా ఉన్న ప్రతి పీతనీ గెడ్డ దాటించి, కొమ్ములొచ్చాక వెనక్కి తెచ్చే శాశ్వత పథకం ప్రకటించారు. శాశ్వత పథకానికి శాశ్వత సిబ్బంది ఉండాలి కాబట్టి మా రత్నాన్ని శిక్షణాధికారిణిగా ఖాయం చేశారు. మెడలో దండ వేశారు. సీలూ లక్కా ఇక ఆమె చేతిలోనే ఉంటాయన్నారు. నేను ఏడ్చాను. దండలో చీమలుంటాయేమోనని కూడా చూశాను.

ఇంటికొచ్చాక రత్నం దండ తీసి గూట్లో శిరస్త్రాణం పక్కన పెట్టింది.

"అమ్మా, ఒక్కసారి దాటిస్తేనే బుట్టలో నలిగి సగం పోయాయి. ఇప్పుడు రానూ పోనూ అంటున్నారు. నేను చెయ్యలేనే."

"ఉద్యోగం పర్మనెంటయినాదే" అన్నాను.

"అయింది" అంది. తెప్ప తిరిగిరాని పొద్దున చేపల రేవులో వలలు చుట్టే ఆడవాళ్ళ ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది దాని ముఖం. పొడి నేల మీద నిలబెట్టుకున్నాననుకున్న పిల్ల.

పథకం మొదలయ్యే రోజు పొద్దున్నే నేనూ ఒడ్డుకి వెళ్ళాను. రత్నం బుట్టలు పరిచింది. వాళ్ళ నాన్న తెప్ప లాగి సిద్ధం చేశాడు. నేను వంగి, తడి ఇసుకలోంచి ఒక చిన్నదాన్ని తొడుగుల్లేకుండా పట్టుకున్నాను. గోరంత ఉంది. కళ్ళ మీద ఏమీ లేదు. ఏం చూపించుకోవాలో తెలియక ఉన్నదొక్కటే చూపించుకుంది. గెర్రు, గెర్రు, గెర్రు. దాన్ని చంటిపిల్లని దింపినట్టు కింద దింపి, దాని కన్నం వైపు మళ్ళించాను.

"రత్నం, బుట్ట మూసి సీలెయ్యి."

"ఖాళీ బుట్టే అమ్మా."

"సీలేసినాక అందులో ఏటున్నాదో ఎవుడికి తెల్సు? ఇక్కడున్నా కొమ్ములొస్తాయి గదా. ఒచ్చేసరికి శిక్షణ అయిపోనాదని రాసీ."

రత్నం బుట్ట మూత పట్టుకుని నా వైపు తిరిగింది. "నువ్వేనా అమ్మా?"

"మీ అమ్మే" అన్నాడు మా ఆయన. "పీత కన్నంలోంచి బయటికొచ్చినాది, తొందరగా సీలెయ్యి."

అలా మూడు బుట్టలు సీలు వేశాం. తెప్ప మీదికి ఎక్కిస్తూ ఉండగా విరూపాక్షరావు గారు చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చారు. జెండా ఊపాలి కదా. ఒక బుట్టని రెండు చేతులా ఎత్తి చూశారు.

"తేలికగా ఉందేమిటి?"

"శిక్షణకి ముందు ఉపాసం బావూ" అన్నాడు మా ఆయన.

ఆయన బుట్టకి చెవి ఆనించారు. నా పాత భయాలన్నీ ఒక్కసారిగా మేనత్తల్లా వచ్చి వరసగా కూర్చున్నాయి.

"చప్పుడే లేదు" అన్నారు.

"క్రమశిక్షణ బావూ" అన్నాను.

ఆయన చాలా సంతోషించారు. మొదటి బ్యాచిలోనే ఇంత ఫలితమా అని జెండా ఊపారు. తెప్ప కదిలింది. సరిగ్గా అప్పుడే ఆయన బూటు వెనక కన్నంలోంచి గెర్రు, గెర్రు అని మొదలైంది. దాని పక్క కన్నం అందుకుంది. ఒడ్డు పొడుగునా ఇంకొన్ని అందుకున్నాయి. ఆయన వెనక్కి తిరగబోయారు.

నేను గట్టిగా దగ్గాను. రత్నం దగ్గింది. తెప్ప మీంచి మా ఆయన కూడా దగ్గాడు.

విరూపాక్షరావు గారు ఆగి, మా ముగ్గురినీ మార్చి మార్చి చూసి, జేబులోంచి పెన్ను తీశారు.

ఇప్పుడు మా ఒడ్డున పీతలు బాగా ఉన్నాయి. పొద్దున్నే వస్తే కొమ్ములు కూడా కనిపిస్తాయి. సిమెంటు పీత దగ్గర కొత్తగా ఒక బోర్డు పెట్టారు, పీతలకు దగ్గు సోకే ప్రమాదమున్నందున ఈ తీరమున ఎవరూ దగ్గరాదు అని. వచ్చినవాళ్ళు అది చదివి ఎందుకో తెలియక నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని నడుస్తారు. అలికిడి ఉండదు కాబట్టి పీతలు కన్నాల్లోకి దూరకుండా నిలబడి వాళ్ళని చూస్తుంటాయి.